ఉల్లికోడు – దోమంత ప్రాణి చెప్పే పాఠం

దివ్య ఖుర్ఆన్‌లో సూరా బఖరా 26వ ఆయత్‌లో ఒక చిన్న ప్రాణి ప్రస్తావన ఉంది. అరబీలో అక్కడ వచ్చిన మాట 'బఊదహ్'. ఉర్దూ అనువాదకులు దానిని 'మచ్ఛర్' అన్నారు, తెలుగులో మనం 'దోమ' అంటున్నాం. ఇంత అల్పమైన ప్రాణిని ఉపమానంగా చెప్పడమేమిటని ఆక్షేపించిన వారికి ఆ ఆయత్ జవాబు. ప్రాణి చిన్నది కాబట్టి దాని గురించి తెలుసుకోవలసినదీ చిన్నదే అనుకోవడం పొరపాటని ఆ జవాబు నుంచి మనం గ్రహిస్తాం.

ఈ నెల పాఠంలో మేము పరిచయం చేయదలచిన ప్రాణి కూడా చూపుకు దోమే. అయితే అది మనిషిని కుట్టదు, రక్తం తాగదు. దాని పని అంతా వరి మొక్కతోనే. వరంగల్ ప్రాంతపు రైతులకు అది కొత్తది కాదు. దాని వల్ల వరికి వచ్చే జబ్బును, ఆ పురుగును కూడా మనవాళ్ళు 'ఉల్లికోడు' అనే పిలుస్తారు.

వానాకాలం పంట మీద ఉన్న రైతు సోదరులు నమాజు అయ్యాక మస్జిద్ వసారాలో కూర్చుని మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటుంది: "మౌలానా సాబ్, మందు కొట్టినం, మళ్ళా కొట్టినం. అయినా గొట్టాలు ఆగుత లేవు. ఇంకేం చెయ్యాలె?" మేము చదువుకున్నది దీనీ విద్య, వ్యవసాయ శాస్త్రం కాదు. కానీ ఈ ప్రశ్నకు పరిశోధకులు ఎప్పుడో జవాబు కనుగొన్నారు. ఆ జవాబు రైతు చేతికి అందకపోవడం వల్ల ఏటా ఎంతో సొమ్ము నీళ్ళపాలవుతోంది. అందుకే దానిని వీలైనంత తేలిక మాటల్లో ఇక్కడ ఇస్తున్నాం.

దీని బంధువులు ఎవరు?

రెండు రెక్కల కీటకాలలో ఒక పెద్ద తెగ ఉంది. ఆ తెగలోని అనేక కుటుంబాల పిల్ల పురుగులు బూజును, పుట్టగొడుగులను, కుళ్ళిన ఆకులను తిని బతుకుతాయి. వీటిని స్థూలంగా 'పుట్టగొడుగు దోమలు' అనవచ్చు. నీళ్ళు ఎక్కువైన పూలకుండీ మట్టిపై నల్లగా, సన్నగా ఎగిరే దోమలను మీరు చూసే ఉంటారు. వాటిలో చాలావరకు బ్రాడీసియా అనే ప్రజాతివి. పుట్టగొడుగులు పెంచే షెడ్లలో కూడా వాటి బెడద ఉంటుంది.

ఈ తెగలో వింతలకు కొదవ లేదు. న్యూజీలాండ్‌లోని వైటోమో గుహల పైకప్పు రాత్రి ఆకాశంలా మెరుస్తుంది. ఆ వెలుగు అరాక్నోకాంపా లూమినోసా అనే దోమ తాలూకు పిల్ల పురుగులది. అవి జిగురు దారాలు వేలాడదీసి, తమ వెలుగు చూసి వచ్చే చిన్న కీటకాలను పట్టి తింటాయి. ఇంకొన్ని రకాలలో పిల్ల పురుగు పెరిగి పెద్దది కాకముందే, పిల్ల దశలో ఉండగానే, తన లోపల మరిన్ని పిల్ల పురుగులను కంటుంది. రష్యాలోని కజాన్‌లో నికొలాయ్ వాగ్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1860లలో ఈ సంగతి కనుగొన్నాడు.

మన ఉల్లికోడు ఈ పెద్ద తెగకు చెందినదే. దాని కుటుంబం పేరు సెసిడోమైయిడే. ఈ కుటుంబంలోనూ పాత శాఖలు నేటికీ బూజునే తింటాయి. కొన్ని శాఖలు మాత్రం బూజును విడిచి బతికున్న మొక్కల్లోకి ప్రవేశించాయి. మొక్క లోపల చేరి, మొక్క చేతనే తమకు ఇల్లు కట్టించుకునే విద్య వాటిది. మొక్క మీద అలా లేచే బుడిపెను, గొట్టాన్ని 'కోడు' అంటారు.

ఒర్సియోలియా ప్రజాతి

వరి ఉల్లికోడుకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఒర్సియోలియా ఒరైజే. ఒర్సియోలియా అనేది ప్రజాతి పేరు, ఒరైజే అంటే 'వరికి చెందినది'. కలకత్తా ఇండియన్ మ్యూజియంలో పనిచేసిన జేమ్స్ వుడ్-మేసన్ 1889లో దీనిని వర్ణించాడు. అప్పట్లో దీన్ని వేరే ప్రజాతిలో ఉంచారు. ఒర్సియోలియాలోకి మారింది తరువాతే.

ఈ ప్రజాతి పురుగులకు గడ్డి కుటుంబపు మొక్కలే ఇల్లు. అయితే అన్నీ వరిని ముట్టవు. ఒక జాతి మన గట్ల మీది గరికలో గొట్టాలు చేస్తుంది. ఇంకొకటి ఆఫ్రికాలో అరికె జాతి గడ్డి మీద ఉంటుంది. ఆఫ్రికా వరిని పీడించే ఉల్లికోడును చాలాకాలం మన ఉల్లికోడే అనుకున్నారు. 1982లో హారిస్, గాన్యే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అది వేరే జాతి అని తేల్చి, ఒర్సియోలియా ఒరైజివోరా అని పేరు పెట్టారు. చూపుకు ఒకేలా కనిపించినవన్నీ ఒకటి కావని దీనివల్ల తెలుస్తుంది.

మన ఉల్లికోడు ఆసియా ఖండపు పురుగు. భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, నేపాల్, మయన్మార్, థాయిలాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం, ఇండోనేషియా, దక్షిణ చైనా వరి పొలాలలో ఇది ఉంది. మన దేశంలో ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, కేరళ, మణిపూర్‌లతో పాటు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో దీని బాధ ఎక్కువ. గాలిలో తేమ, మబ్బు పట్టిన ఆకాశం, విడవకుండా పడే వాన జల్లు దీనికి అనుకూలం. అందుకే ఇది ప్రధానంగా వానాకాలం పురుగు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద వరి సాగయ్యే ఈ ప్రాంతం దానికి తగిన చోటు అయింది.

ఇరవై రోజుల బతుకు

దీని బతుకును రోజుల లెక్కన తెలుసుకోవాలి. అసలు పాఠం ఇందులోనే ఉంది.

తల్లి దోమ పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. పొట్ట ఎర్రగా ఉంటుంది. పగలు దుబ్బుల మొదట్లో దాగి, రాత్రి ఎగురుతుంది. దీపం వెలుగుకు వస్తుంది. దాని ఆయువు కొద్ది రోజులే. ఆ కొద్ది సమయంలోనే వరి ఆకుల మీద, ఆకు తొడిమల మీద వంద నుంచి రెండు వందల వరకు గుడ్లు పెడుతుంది.

మూడు నాలుగు రోజుల్లో గుడ్డు పగులుతుంది. బయటికి వచ్చిన పిల్ల పురుగు కంటికి ఆనదు. దానికి కాళ్ళు లేవు. ఆకు మీద పలుచని నీటి పొర ఉంటేనే అది పాకగలదు. మంచు, జల్లు తడి ఆధారంగా ఆకు తొడిమల మధ్య నుంచి కిందికి జారుతూ పిలక మొదట్లోని మొవ్వును చేరుకుంటుంది. దారిలో తడి ఆరిపోతే అక్కడే చస్తుంది. మబ్బు, ముసురు ఉన్న ఏడాది ఉల్లికోడు ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం.

మొవ్వును చేరిన పిల్ల పురుగు దాన్ని నమిలి మింగదు. మొవ్వు మొదట్లో చేరి రసం పీలుస్తూ ఉంటే, దాని ప్రభావంతో మొక్క కణాలు దారి తప్పుతాయి. ఆకుగా, కంకిగా మారవలసిన అంకురం పురుగు చుట్టూ గదిలా పెరుగుతుంది. ఒక గదిలో సాధారణంగా ఒకే పురుగు. అక్కడే రెండు వారాలకు పైగా తిని, అక్కడే కోశస్థ దశకు చేరుతుంది. ఆ తర్వాతే గొట్టం వేగంగా పొడవు సాగి బయటికి కనిపిస్తుంది. లేత ఆకుపచ్చగానో వెండి తెలుపుగానో, అచ్చం ఉల్లికాడలా లోపల డొల్లగా ఉంటుంది. కోశస్థ దశలోని పురుగు తన ఒంటి మీది ముళ్ళ సాయంతో గొట్టంలో పైకి జరిగి, కొన దగ్గర రంధ్రం చేసుకుని, రాత్రి వేళ దోమగా ఎగిరిపోతుంది. ఖాళీ చర్మం మాత్రం ఆ రంధ్రంలో వేలాడుతూ మిగులుతుంది.

గుడ్డు నుంచి దోమ వరకు మొత్తం సుమారు మూడు వారాలు. ఒక వానాకాలంలోనే ఇలా అనేక తరాలు గడుస్తాయి.

రైతు ప్రశ్నకు జవాబు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. "మందు కొట్టినా గొట్టాలు ఎందుకు ఆగవు?"

గొట్టం కనిపించిందంటే లోపలి పురుగు తినవలసినది తినేసింది. దోమ ఎగిరిపోయి కూడా ఉండవచ్చు. ఆ పిలకకు ఇక కంకి రాదు. ఏ మందూ గొట్టాన్ని మళ్ళీ పిలకగా మార్చలేదు. పైగా పురుగు గదిలో ఉన్నంతకాలం ఆకుల మీద చల్లిన మందు దానిని సులభంగా తాకదు. అంటే కంటికి కనిపించినప్పుడు మందు కొట్టిన రైతు, మూడు వారాల కిందట జరిగిన దాడికి ఈరోజు జవాబు చెబుతున్నాడన్నమాట.

కాబట్టి తప్పు చాలాసార్లు మందులో ఉండదు, వేళలో ఉంటుంది. వేళ విలువ మన పాఠకులకు కొత్తగా చెప్పనవసరం లేదు. నమాజుకు వక్తు షరతు. వక్తు రాకముందు చేసిన నమాజు ఆ నమాజు కానే కాదు, ఎంత శ్రద్ధగా చేసినా సరే. సేద్యంలోనూ ప్రతి పనికి ఒక వక్తు ఉంది. ఉల్లికోడు విషయంలో ఆ వక్తు నారుమడిలోనూ, నాటిన తొలి వారాలలోనూ ఉంది. పిలకలు వేసే దశలోనే మొక్క దీనికి లొంగుతుంది. అంకురం కంకిగా మారడం మొదలైందంటే ఉల్లికోడుకు అక్కడ చోటు లేదు.

ఒక పిలక పోతే వరి మొక్క ఊరకే ఉండదు, పక్క నుంచి కొత్త పిలకలు వేస్తుంది. కానీ తరువాతి తరం దోమలు ఆ లేత పిలకలనే వెతుక్కుంటాయి. దుబ్బు గుబురుగా కనిపిస్తుంది, కంకులు మాత్రం ఉండవు. బయటికి పచ్చగా ఉన్న ఆ పొలాన్ని చూసి రైతు ఆలస్యంగా మోసపోతాడు.

ఇంకొక పొరపాటు గురించి కూడా చెప్పాలి. మొగిపురుగు తొలిచిన పిలకలో మొవ్వు ఎండిపోతుంది, పట్టి లాగితే ఊడి వస్తుంది. ఉల్లికోడులో మొవ్వు ఎండదు, గొట్టమవుతుంది. ఈ తేడా చూడకుండా దుకాణంలో "పురుగు మందు ఇవ్వండి" అని అడిగితే వచ్చేది ఏ పురుగుకో చెప్పలేం. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతులు పురుగు మీద పురుగు, మందు మీద మందు, అప్పు మీద అప్పుతో కుంగిపోయి ఎందరో ప్రాణాలు తీసుకున్న సంగతి ఈ ప్రాంతం మరచిపోలేదు. అది పత్తి, ఇది వరి. కానీ తెలియకుండా కొట్టిన ప్రతి మందూ అప్పు పద్దులోకే చేరుతుందన్నది రెండింటికీ ఒకటే.

వరంగల్ వంగడాల కథ

ఉల్లికోడును ఎదుర్కోవడంలో వరంగల్ పేరు దేశమంతటా వరి శాస్త్రజ్ఞులకు తెలుసు. ఈశ్వరకోర అనే నాటు వరికి ఉల్లికోడును తట్టుకునే గుణం ఉంది. దానిని మారుటేరు రకమైన ఎం.టి.యు. 15తో సంకరం చేసి, వరంగల్ పరిశోధన కేంద్రంలో డబ్ల్యు 1263 అనే వంగడాన్ని తయారుచేశారు. అందులోని 'డబ్ల్యు' వరంగల్‌కు గుర్తు. కాకతీయ రకం ఈ డబ్ల్యు 1263 సంతానమే. థాయిలాండ్ నుంచి వచ్చిన సయాం 29 అనే మరో వరి నుంచి సురేఖ, ఫల్గుణ రకాలు వచ్చాయి. ఈ రకాల్లో పిల్ల పురుగు మొవ్వును చేరినా బతకదు. రైతు మందు కొనకుండానే పంట నిలిచింది.

కానీ కథ అక్కడితో ముగియలేదు. వేల ఎకరాలలో ఒకే రకపు నిరోధం ఉన్న వరి వేస్తే, దానిని తట్టుకోగల కొద్దిపాటి పురుగులే మిగిలి సంతానాన్ని పెంచుకుంటాయి. కొన్నేళ్ళకు పొలమంతా ఆ సంతానమే అవుతుంది. 1986లో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతంలో ఫల్గుణ లొంగిపోయింది. అక్కడి పురుగును 4వ వర్గంగా గుర్తించారు. 2006లో వెలువడిన అధ్యయనం వరంగల్ పురుగే ఒక కొత్త వర్గమని తేల్చింది, దానికి '4ఎం' అని పేరు వచ్చింది. డబ్ల్యు 1263 కూడా దాని ముందు నిలవలేదు. వరంగల్‌లో పుట్టిన వంగడాన్ని వరంగల్ పురుగే దాటేసింది! ఆర్.పి. 2068-18-3-5 అనే వంగడం మాత్రం దానికి లొంగలేదు. దేశంలో ఇప్పటివరకు గుర్తించిన ఉల్లికోడు వర్గాలు మొత్తం ఏడు.

ఇందులో గ్రహించవలసినది ఏమిటంటే, పక్క జిల్లా రైతుకు పనిచేసిన రకం మన దగ్గర పనిచేస్తుందన్న హామీ లేదు. నిన్న పనిచేసినది రేపు పనిచేస్తుందన్న హామీ కూడా లేదు. విత్తనం కొనేముందు "ఇది ఉల్లికోడును తట్టుకుంటుందా?" అని అడిగితే చాలదు, "మా ప్రాంతపు ఉల్లికోడును తట్టుకుంటుందా?" అని అడగాలి. సన్నబియ్యం కోసం మనవాళ్ళు ఇష్టంగా వేసే సాంబ మసూరి ఉల్లికోడుకు తేలికగా లొంగుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

కనబడని సహాయకులు

ఈ పురుగుకూ ఒక శత్రువు ఉంది. ప్లాటిగాస్టర్ ఒరైజే అనే నల్లని, అతి చిన్న కందిరీగ జాతి ప్రాణి అది. ఉల్లికోడు గుడ్డును వెతికి పట్టుకుని దానిలో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డే విడిపోయి ఎన్నో పిల్లలవుతుంది. ఉల్లికోడు పురుగు ఒకవైపు పెరుగుతూ ఉంటే, దాని లోపల ఇవి పెరుగుతాయి. చివరికి గొట్టం నుంచి దోమకు బదులు ఈ చిన్న కందిరీగల గుంపు బయటికి వస్తుంది.

ఇవి పొలంలో ఏటా ఉంటాయి. కానీ ఇవి బాగా పెరిగేసరికి పంట కాలం సగం దాటిపోతుంది. అందుకే ఈ కందిరీగలున్న గొట్టాలను సేకరించి, నాటిన 10 రోజులకు పది చదరపు మీటర్లకు ఒకటి చొప్పున పొలంలో ఉంచే పద్ధతిని శాస్త్రజ్ఞులు సూచించారు. అవసరం లేకుండా తొలి రోజుల్లోనే ఘాటైన మందులు చల్లితే ముందుగా చచ్చేది ఇవే.

ఆఫ్రికాలో గమనించిన ఒక సంగతి ఇక్కడ చెప్పదగినది. అక్కడి అరికె గడ్డి మీది ఒర్సియోలియా వరిని ముట్టదు. కానీ దానిని తినే కందిరీగలే వరి ఉల్లికోడునూ తింటాయి. అంటే గట్టు మీది ఆ గడ్డి రైతుకు తెలియకుండానే అతని సహాయకులను పోషిస్తోంది.

ఏమి చేయాలి?

1. వానాకాలం నాట్లు ఆలస్యం చేయకూడదు. తొలకరి తర్వాత ఉల్లికోడు ఒకటి రెండు తరాలు పెరిగి, సెప్టెంబరు, అక్టోబరు నాటికి ఉధృతమవుతుంది. ముందు నాటిన వరి అప్పటికి పిలకల దశ దాటిపోతుంది. ఊరంతా ఒకే సమయంలో నాటితే మేలు ఇంకా ఎక్కువ.

2. వరి కోసిన తర్వాత కొయ్యకాళ్ళను దున్నేయాలి. కొయ్యకాళ్ళ చిగుళ్ళలోనూ, కాలువల వెంట పెరిగే అడవి వరిలోనూ పిల్ల పురుగు నిద్రాణంగా ఉండి మరుసటి వానలకు లేస్తుంది.

3. వరంగల్ ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం మన ప్రాంతానికి సిఫారసు చేసిన నిరోధక రకాన్నే ఎంచుకోవాలి. ఏళ్ళ తరబడి ఒకే రకాన్ని పట్టుకుని ఉండకూడదు.

4. ఆలస్యంగా నాటవలసి వస్తే నారుమడిలోనే, నారు తీయడానికి వారం ముందు గుళికల మందు వేయడం సరైన వేళ. ఏ మందు, ఎంత మోతాదు అన్నది వ్యవసాయ అధికారిని అడిగి తెలుసుకోవాలి. ఒకప్పుడు విరివిగా వాడిన ఫోరేట్ గుళికలపై 2020 చివరి నుంచి దేశంలో నిషేధం ఉంది. ఎవరైనా పాత నిల్వ అమ్మజూపితే తీసుకోకూడదు.

5. నాటిన రెండు వారాల నుంచి పొలంలో దిగి దుబ్బులు విడదీసి చూడాలి. రాత్రి దీపం దగ్గర ఎర్ర పొట్ట దోమలు వస్తున్నాయేమో గమనించాలి. గట్టు మీద నిలబడి చూస్తే పచ్చదనమే కనిపిస్తుంది.

6. కంకి దశకు వచ్చిన పొలంలో ఉల్లికోడు కోసం మందు కొట్టనవసరం లేదు. ఆ డబ్బు ఇంట్లోనే ఉంచుకోవచ్చు.

చివరి మాట

మన మధ్య రెండు రకాల మనుషులు కనిపిస్తారు. ఒకరు పంట పోతే "నసీబు" అని చేతులు ముడుచుకుని కూర్చుంటారు. మరొకరు కంగారుపడి, దొరికిన మందల్లా కొడతారు. ఒంటెను కట్టిన తర్వాతే తవక్కుల్ అని బోధించే హదీసు మన పిల్లలకు కూడా తెలుసు. కానీ కట్టడమంటే ఏదో ఒక తాడు విసరడం కాదు, ముడి ఎక్కడ వేయాలో తెలిసి వేయడం. ఉల్లికోడు విషయంలో ఆ ముడి గొట్టం కనిపించడానికి మూడు వారాల ముందు ఉంది. కౌలు చెల్లించి, అప్పు తెచ్చి సాగుచేసే రైతుకు ఈ మూడు వారాల లెక్క తెలియడం, తెలియకపోవడం మధ్య ఒక ఏడాది తిండిగింజలు ఉన్నాయి. చదువు వచ్చిన వారు దీనిని చదువు రాని రైతు సోదరులకు, వారు ఏ మతం వారైనా సరే, చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాం.

పాఠం మననం చేసుకోవడానికి ప్రశ్నలు

1. ఉల్లికోడు పిల్ల పురుగు మొవ్వును చేరడానికి తడి ఎందుకు అవసరం?
2. గొట్టం కనిపించిన తర్వాత మందు కొడితే ఆ పిలకకు ఎందుకు ప్రయోజనం లేదు?
3. మొగిపురుగు దెబ్బకూ, ఉల్లికోడు దెబ్బకూ తేడా ఎలా గుర్తిస్తారు?
4. డబ్ల్యు 1263 వంగడం వరంగల్‌లోనే ఎందుకు ఓడిపోయింది?
5. మీ ఊళ్ళో ఈ ఏడు నాట్లు ఎప్పుడు పడ్డాయి? సెప్టెంబరు నాటికి వరి ఏ దశలో ఉంటుందో లెక్కించండి.